ఈమెయిల్లో ఇచ్చినా మాట మాటే

మా ఊళ్లో కొన్ని కుటుంబాలం కలిసి వారాంతపు తెలుగు బడి నడుపుతున్నాం. బడి పేరుతో ఉన్న డాట్ కామ్ డొమైన్ కొనడానికి దాని యజమానితో 1,800 డాలర్లకు బేరం కుదిరింది. 'సరే, అమ్ముతాను' అని ఆయన ఈమెయిల్ పంపారు. వారం తిరక్కుండానే, ఇంకొకరు ఎక్కువ ఇస్తామన్నారంటూ వెనక్కి తగ్గారు. 'సంతకాలు కాలేదు కదా, ఏం చేయగలం?' అన్నారు మావాళ్లు.

సంతకం లేకపోతే ఒప్పందమే లేదనుకోవడం పొరపాటు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదని 2000 నాటి ఫెడరల్ ఈ-సైన్ చట్టం చెబుతోంది. ఏ పేరు, ఎంత ధర, ఇద్దరి అంగీకారం ఈమెయిళ్లలో స్పష్టంగా ఉంటే కోర్టు దాన్ని ఒప్పందంగా గుర్తించే అవకాశం ఉంది. 'మిగతావి తర్వాత చూద్దాం' అని వదిలేస్తే మాత్రం కేసు బలహీనపడుతుంది.

అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి నష్టపరిహారం. రెండోది, ఒప్పుకున్న ధరకు పేరు బదిలీ చేయాలన్న ఆదేశం. అలాంటి పేరు మరొకటి దొరకదు కాబట్టి డబ్బు దానికి సాటి రాదని వాదించవచ్చు. కాలిఫోర్నియా చట్టం కింద డొమైన్ పేరు ఆస్తేనని 2003లో క్రెమెన్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. వర్జీనియా సుప్రీంకోర్టు మాత్రం 2000లో అంబ్రో కేసులో దాన్ని సేవా ఒప్పందంలో భాగంగానే చూసింది. అందుకే మీ కేసుకు ఏ రాష్ట్ర చట్టం వర్తిస్తుందో ముందు లాయర్ని అడగాలి. పేరు చేతులు మారేలా ఉంటే తాత్కాలిక నిలుపుదల ఉత్తర్వు గురించి వెంటనే అడగాలి.

ఐకాన్ వివాద పరిష్కార విధానం ఇక్కడ అక్కరకు రాదు. అది ట్రేడ్‌మార్కులను దుర్వినియోగం చేసేవారిపై పెట్టింది, బేరం తప్పినవారిపై కాదు. స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు ఖర్చు తక్కువే కానీ, అక్కడ సాధారణంగా దక్కేది డబ్బే, పేరు కాదు.

మా విషయంలో లాయర్ ఫీజు బేరాన్ని మించిపోయేలా ఉంది. డాట్ ఆర్గ్‌తో సరిపెట్టుకున్నాం. హక్కు ఉండటం వేరు, దాన్ని రాబట్టుకోగలగడం వేరు అని అప్పుడే తెలిసింది. అందుకే బేరం కుదిరిన రోజే ఒక పేజీ ఒప్పందం రాసుకుని సంతకాలు చేయించండి, డబ్బు ఎస్క్రోలో పెట్టండి. ఈమెయిళ్లు ఒక్కటీ చెరిపేయకండి.