హాజరు వేరు, శిష్యరికం వేరు

క్రిస్మస్ నాడు మెదక్ చర్చికి తరలివచ్చే జనసందోహాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న ఆ మందిరంలో అడుగుపెట్టిన విశ్వాసులందరూ క్రీస్తుకు శిష్యులైనట్టేనా? ఈ ప్రశ్న బయటివారు వేయవలసినది కాదు. క్రైస్తవ సంఘాలే తమకు తాము వేసుకోవలసినది. ఎందుకంటే, మత్తయి సువార్త చివర క్రీస్తు తనవారికి అప్పగించినది జనాన్ని పోగుచేసే పని కాదు. మనుషులను శిష్యులుగా మలచి, తన ఆజ్ఞలను ఆచరించడం నేర్పే పని. ప్రసంగం వినడానికి ఒక గంట చాలు. ఆచరించడానికి వారమంతా కావాలి.

మరి శ్రోత శిష్యుడయ్యేదెట్లా? సమాధానం ఆ మందిరాన్ని నిర్మించిన వెస్లియన్ మిషనరీల పరంపరలోనే ఉంది. ఆ పరంపరకు మూలపురుషుడు ఇంగ్లండుకు చెందిన జాన్ వెస్లీ. 1739లో ఆయన బ్రిస్టల్ నగరంలో ఆరుబయట ప్రసంగించడం ప్రారంభించగా జనం వేల సంఖ్యలో వచ్చారు. అక్కడ కట్టిన ప్రార్థన మందిరానికి అప్పు మిగిలింది. దానిని తీర్చేందుకు సభ్యులు వారానికొక పెన్నీ ఇవ్వాలని 1742 ఫిబ్రవరిలో ఒకరు సూచించారు. పేదలు ఇవ్వలేరు కదా అన్న సందేహం వచ్చింది. అప్పుడు ఆ సూచన చేసిన వ్యక్తే, నిరుపేదలైన పదకొండు మందిని తనకు అప్పగించమన్నాడు. ప్రతివారం వారి ఇళ్లకు వెళ్తానని, ఇవ్వలేనివారి వంతు తానే చెల్లిస్తానని మాట ఇచ్చాడు. మరికొందరూ ఆ బాటనే నడిచారు.

అలా ఇల్లిల్లూ తిరిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. సభ్యులలో ఒకరు భార్యతో కలహిస్తూ, మరొకరు మద్యం మత్తులో కనిపించారు! ప్రసంగ వేదిక మీది నుంచి కనిపించనిది గుమ్మం దగ్గర కనిపించింది. వెస్లీ మేల్కొన్నారు. అప్పు తీర్చే ఏర్పాటును ఆత్మసంరక్షణకు సాధనంగా మార్చారు. సుమారు పన్నెండు మందికి ఒక నాయకుడు, వారానికొక కలయిక. మీ ఆత్మ క్షేమంగా ఉందా అన్నదే అక్కడి ముఖ్యమైన ప్రశ్న. కీడు చేయరాదు, మేలు చేయాలి, దైవారాధన మానరాదు అన్న మూడు సూత్రాలను 1743లో ప్రకటించారు. ఇరవయ్యేళ్ల తరువాత, 1763లో వేల్సులోని పెంబ్రోక్ ప్రాంతాన్ని చూసి ఆయన ఎంతో బాధపడ్డారు. అక్కడ ప్రసంగాలకు కొదువ లేదు. ఇటువంటి బృందాలు మాత్రం లేవు. ఒకప్పుడు మేల్కొన్న పదిమందిలో తొమ్మండుగురు మళ్లీ గాఢనిద్రలో పడ్డారని రాసుకున్నారు.

ఒకరి జీవితాన్ని మరొకరు ప్రశ్నించడం నిఘా కాదా అని మీరు అడగవచ్చు. ప్రేమ లేనప్పుడు అది నిఘాయే. కాని బ్రిస్టల్ సభ్యుడు ముందు పేదవాని భారం తాను ఎత్తుకున్నాడు, తరువాతే అతని గుమ్మంలో నిలిచాడు. భారం పంచుకున్నవానికే ప్రశ్నించే అర్హత ఉంటుంది.

కనుక సంఘకాపరులు ఆదివారం ఎందరు వచ్చారని లెక్కించడంతో ఆగరాదు. వచ్చినవారిలో ఎందరి ఇంటి తలుపు తట్టే ఆత్మీయులున్నారో కూడా చూడాలి. మందిరం నిండితే అది సంతోషమే. అయితే, సోమవారం నాడు ఆ ఇంటిలో శాంతి నిండినప్పుడే శిష్యరికం మొదలైనట్టు.