చెమ్మ ఎటు నుంచి?

ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే అండమాన్‌లో కారు షెడ్డు గచ్చు పొడిగా ఉండటం గగనమే. 2004 భూకంపానికి దక్షిణ అండమాన్ దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాలను సముద్రం ముంచేసింది. సొంతంగా గచ్చు బాగుచేసుకునేవారు ముందు చెమ్మ దారి కనిపెట్టాలి. పాలిథిన్ ముక్క పరిచి, అంచులకు టేపు అంటించి ఒక రోజు వదిలేయాలి. కింద తడి చేరితే అది నేలది, పైన చేరితే గాలిది. గాలి తేమకు ఎండ వేళ తలుపులు తెరవడమే మందు. నేల తేమపై రంగు పూస్తే పొక్కులే మిగులుతాయి. మందపాటి పాలిథిన్ పరిచి, అంచులు గోడల పైకి మడిచి, ఆపై కొత్త కాంక్రీటు వేయాలి. చౌకని సముద్రపు ఇసుక కలిపితే అందులోని ఉప్పే తేమను పిలుస్తుంది. నేలే కుంగి నీళ్లు పైకొచ్చిన చోట మాత్రం షీటు చాలదు, గచ్చు ఎత్తు పెంచాల్సిందే.