ఎవరో జేసిర్రట!

మొన్న చొప్పదండిలో ఒక పెండ్లి సంబంధం తప్పిపోయింది. పిల్ల తాతకు చేతులు వణికేవి, ఇప్పుడు తండ్రికి మొదలైంది. "ఆ ఇంటి మీద ఎవరో జేసిర్రు, తరాలకు పట్టింది" అన్నాడు మధ్యవర్తి. తాయెత్తు కట్టించారు, కొండగట్టులో నలభై ఒక్క రోజులు ఉంచారు. నరాల డాక్టరు వంతు ఆఖరున వచ్చింది.

ఆ రోగం పార్కిన్సన్స్. లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే వివరించాడు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. చెయ్యి వణుకుతుంది, నడక మందగిస్తుంది, ముఖం బిగుసుకుంటుంది. మా పెద్దబాపుకు అట్లా బిగుసుకుంటే వాడకట్టంతా "పలకరిస్తే నవ్వడు, పొగరు" అన్నది. నవ్వాలంటే కండరం కదలాలి గదా! లెవోడోపా గోలీలు పడ్డాక కాస్త నవ్వాడు. అప్పటికే పలకరించేవాళ్లు తగ్గిపోయారు.

రోగం కొన్ని ఇండ్ల వెంట నడిచే మాట నిజమే. ఇటలీ మూలాలున్న ఒక కుటుంబంలో తరాలుగా వస్తున్న వణుకుకు ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం కారణమని 1997లో తేలింది. మరుసటేడు జపాన్‌లో పార్కిన్ జన్యువు దొరికింది. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ చెడి వస్తేనే దెబ్బ. రక్తసంబంధపు పెండ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికమైతే కండ్లు మూసుకొని చేసుకోండనేది కూడా ఈ మధ్యవర్తులే. అట్లాగని జన్యువును కొత్త తలరాత చేయొద్దు. 2004లో బయటపడ్డ ఎల్ఆర్ఆర్‌కే2 అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి రోగమే రాదు. ఎక్కువమంది రోగుల ఇండ్లలో ఇంకెవరికీ ఉండదు.

జన్యువును పట్టుకొని కొట్టలేరు. అందుకే "జేసిన" మనిషి కావాలి. 2020 నవంబరులో మల్యాల మండలం బల్వంతాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును గదిలో తగలబెట్టి చంపారు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం మీటింగుకు వచ్చిన తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. రెండుచోట్లా మంత్రాల అనుమానమే. చేతిలో సెల్‌ఫోన్లున్న కాలమిది!

అనుమానించాల్సింది వేరే ఉంది. పారాక్వాట్ అనే గడ్డిమందు వాడినవాళ్లకు పార్కిన్సన్స్ ముప్పు 2.5 రెట్లని 2011లో అమెరికా రైతుల మీద చేసిన అధ్యయనం చెప్పింది. మన పత్తి సాళ్లలో దాన్నే మూతికి తువ్వాల కూడా కట్టకుండా కొడుతున్నారు. దాన్ని అమ్మే దుకాణం ముందు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతుంటాయి, దిష్టి తగలకుండా.