తడి ఆరని పాట

ఆ మధ్య ఆత్మకూర్‌లో ఓ పెళ్లికి వెళ్లాను. బరాత్ కోసం తెచ్చిన డీజే బాక్సులు పందిరి కంటే ఎత్తుగా ఉన్నాయి. కుర్రాళ్లు ఎగిరి ఎగిరి అలిసిపోయాక ఓ పెద్దాయన డీజే అబ్బాయి దగ్గరికెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. దరువు మారింది. ‘పల్లె కన్నీరు’ పాట మొదలైంది. అన్నం తింటున్నవాళ్లు కూడా గొంతు కలిపారు. పెళ్లిలో ఈ ఏడుపు పాటేమిటని ఒక్కరూ అనలేదు!

గోరటి వెంకన్న రాసిన ఈ పాట 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరా మోగింది. బాణీ కట్టి పాడింది వందేమాతరం శ్రీనివాస్. సినిమా కథ ఇవాళ ఎంతమందికి గుర్తుందో కానీ పాట మాత్రం మరుపునకు రాలేదు. వెంకన్న ఈ నేల మనిషే. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారం ఆయన సొంతూరు.

పాట కట్టిన తీరు చూడండి. అందులో ఉపన్యాసం లేదు. ఊళ్లో నడుస్తూ ఒక్కో గడప ముందు ఆగినట్టుంటుంది. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె... ప్రతి ఇంట్లో మూలనపడ్డ పనిముట్టును చూపిస్తుంది. తొలకరి మట్టివాసన పోయి పురుగుమందు వాసన మిగిలిన సంగతి చెబుతుంది. ఇదంతా చేసిందెవరో కంటికి కనబడడం లేదని వాపోతుంది. వినేవాళ్లు ఆ గడపలకు తమ ఊరి మనుషుల పేర్లు పెట్టుకుంటారు. పాట గెలిచింది అక్కడే.

దేశంలో ఆర్థిక సంస్కరణలు 1991లో మొదలయ్యాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995లో పుట్టింది. 1997-98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ప్రపంచీకరణ అంటే ఏమిటో పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి, సదస్సులు జరిగాయి. అవేవీ చదవని రైతుకు కూడా ఈ పాట విషయం అర్థం చేయించింది. తర్వాత తెలంగాణ సభల్లో, ధూంధాంలలో అది మార్మోగింది. 2004లో ప్రభుత్వం మారడానికి ఈ పాట కూడా ఓ కారణమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినా, జనానికి వెంకన్న అంటే ముందుగా గుర్తొచ్చేది పల్లె కన్నీరే.

ఇందులో ఓ తమాషా ఉంది. కుండను, మగ్గాన్ని మార్కెట్టు మింగేసిందని బాధపడ్డ పాటను ఇంటింటికీ మోసింది కూడా ఆ మార్కెట్టే. మొదట క్యాసెట్టు, సినిమా తెర. తర్వాత సీడీ. ఇప్పుడు సెల్‌ఫోను, డీజే. పాట బతికింది. మరి పాటలోని పనులో?

పాట పెట్టించిన పెద్దాయన పక్కన కూర్చుని అదే అడిగాను. ఒకప్పుడు కొలిమి నడిపిన మనిషట.

“ఇంటే ఏడుపొస్తది బిడ్డా. గానీ నా కొడుకును మళ్ల కొలిమి కాడ కూసోబెట్ట. ఆ మంట నాతోనే పోనీ” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పాత పల్లెలో పని ఉండేది, దానికి తగ్గ కూలి, గౌరవం అందరికీ ఉండేవి కావు. పాట విని కళ్లు తుడుచుకునే మనం ఆ సంగతి మర్చిపోతాం.

అయితే చేతిపనికి విలువ దక్కే చోటు ఆత్మకూర్‌కు దగ్గర్లోనే ఉంది. కార్తీకంలో కురుమూర్తి జాతర జరుగుతుంది. స్వామి నగలు ఆత్మకూర్ నుంచి ఊరేగింపుగా వెళ్తాయి. పట్టువస్త్రాలు అమరచింత నేతన్నలు నేస్తారు. ఉద్దాలు వడ్డెమాన్‌లో చెప్పులు కుట్టే చేతుల్లో తయారవుతాయి. వాటిని జనం కళ్లకద్దుకుంటారు. కొండ మీది దేవుడు రెడీమేడ్ సరుకుతో సరిపెట్టుకోడన్నమాట! ఆ నాలుగు రోజుల మర్యాద మిగతా ఏడాదంతా, కూలితో సహా దక్కి ఉంటే పెద్దాయన ఆ మాట అనేవాడా?

పాట అయిపోయింది. డీజే మళ్లీ దంచుడు మొదలుపెట్టింది. చేతిలో ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు. దాన్ని ఎక్కడ పడేయాలో తోచక కాసేపు అలాగే నిలబడ్డాను.