పిజ్జాకి కథ ఎవరిది?

‘శాటర్డే నైట్ ఫీవర్’ (1977) చూసినవాళ్ళకి మొదటి సీను గుర్తుండే ఉంటుంది. చేతిలో రంగు డబ్బా ఊపుకుంటూ బ్రూక్లిన్ వీధిలో నడిచే జాన్ ట్రవోల్టా ఓ కొట్టు దగ్గర ఆగి రెండు పిజ్జా ముక్కలు కొంటాడు. ఒకదానిమీద ఒకటి పెట్టి మడిచి, నడుస్తూనే లాగించేస్తాడు. మిగతా లోకం ఆ నడక చూసి మురిసిపోతే, న్యూయార్కు వాళ్ళు ఆ మడత చూసి ‘మావాడే!’ అనుకుని ఉంటారు.

ఎందుకంటే వాళ్ళ పిజ్జా పల్చన, వెడల్పు. మడవకపోతే చీజ్ చొక్కామీదే! ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు మొదట్లో బొగ్గు బట్టీల్లో కాల్చేవారు. లొంబార్డీ కొట్టు, 1905 సంవత్సరం అందరూ చెప్పే మాటే. గ్యాసు బట్టీలొచ్చాక ముక్కల లెక్కన అమ్మకం వీధివీధికీ పాకింది.

డెట్రాయిట్‌ది వేరే దారి. కార్ల ఊరు కదా! ఫ్యాక్టరీల్లో మరలూ గిరలూ వేసుకునే నలుచదరపు ఇనుప ట్రేలు వంటింట్లోకి వచ్చాయి. 1946లో బడ్డీస్ అనే చోట వాటిలోనే పిజ్జా కాల్చారు. అంచుదాకా పరిచిన చీజ్ ట్రేకి అంటుకుని కరకరలాడుతుంది. ఇంట్లో పులిహోర అడుగు మాడు కోసం కొట్టుకునేవాళ్ళకి దాని రుచి వేరే చెప్పాలా?

అసలు తగువంతా షికాగోది. అక్కడ 1943లో ఐక్ సెవెల్, రిక్ రికార్డో పిజ్జేరియా ఊనో తెరిచారు. లోతు పళ్ళెం, మందపాటి పిండి. అడుగున చీజ్, పైన టమాటా. తిరగేసి పెట్టారేమిటనుకోకండి. అంత లావుది కాలడానికి అరగంట పైనే పడుతుంది, చీజ్ పైనుంటే మాడి మసైపోతుంది. సరే, ఇది ఎవరి బుర్రలో పుట్టింది? సెవెల్ అని కొందరు, రికార్డో అని కొందరు. కాదు, అక్కడ పనిచేసిన రూడీ మల్నాటీ అని ఇంకొందరు. మరి పిండి పిసికిన చేతుల మాటో? ఆలిస్ మే రెడ్మండ్ అనే నల్లజాతి వంటావిడ ఊనోలో ఏళ్ళ తరబడి చేసింది. 1966లో మొదలైన జీనోస్ ఈస్ట్ వాళ్ళు ఆవిణ్ణి తమ వంటింట్లోకి తెచ్చుకున్నారు. ఆవిడ పేరు మాత్రం బోర్డుమీదికి ఎక్కలేదు. మన కోడంబాకం ఘోస్టు రచయితల సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదులెండి.

(అన్నట్టు, షికాగో వాళ్ళే రోజూ తినేది అది కాదట. పల్చగా చేసి చదరపు ముక్కలుగా కోసేదట. లావుది చుట్టాలొచ్చినప్పుడు!)

ఇక హాలీవుడ్. 1982లో వుల్ఫ్‌గాంగ్ పక్ ‘స్పాగో’ తెరిచాడు. తారలంతా అక్కడే. పేపర్లలో ఫోటో పక్‌ది. బట్టీ దగ్గర నిలబడి పిజ్జాకి కొత్త వేషాలు వేయించింది ఎడ్ లాడూ. అదే లాడూ 1985లో కాలిఫోర్నియా పిజ్జా కిచెన్‌కి మొదటి మెనూ రాసిచ్చాడు. అందులోదే బార్బెక్యూ చికెన్ పిజ్జా. 2007లో ఆయన పోయాడు. ఆ పిజ్జా ఇంకా హౌస్‌ఫుల్‌గా ఆడుతూనే ఉంది.