ఎవరూ లేని చోటు నుంచి ఒక పిలుపు

బువే దీవి పేరు మనలో ఎంతమంది విన్నారు? వినకపోయినా తప్పులేదు. దక్షిణ అట్లాంటిక్‌లో, ఆఫ్రికాకూ అంటార్కిటికాకూ నడుమ, మంచు కప్పుకొని పడివున్న 49 చదరపు కిలోమీటర్ల నేల అది. నార్వే వారిది. చెట్టు లేదు, మనిషి లేడు. దగ్గరి తీరం అంటార్కిటికాదే, అదీ సుమారు 1,700 కిలోమీటర్లు. ప్రపంచంలోకెల్లా ఒంటరి దీవి అని దానికి పేరు.

అలాంటి చోటికి 2023 ఫిబ్రవరిలో కొందరు హామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియో వాళ్లు, ఓడ మాట్లాడుకొని వెళ్లారు. దిగటానికి రేవు లేదు. అలల ధాటికి రబ్బరు పడవ ఒడ్డుకు ఆనదు. చలినీళ్లకు తట్టుకొనే సూట్లు తొడుక్కొని నీళ్లలోకి దిగి ఒడ్డెక్కారు. సామానూ అలాగే చేర్చారు. తీసుకువెళ్లినదంతా దించనే లేకపోయారు. అయినా డేరా వేసి, ఏరియల్ నిలబెట్టి, 18 వేలకు పైగా పిలుపులకు జవాబిచ్చి వచ్చారు. అంతకుముందు 2018లో మరో బృందం దీవి దాకా వెళ్లి, వాతావరణం బాగాలేక, ఓడ ఇంజను మొరాయించి, కాలు మోపకుండానే వెనుదిరిగింది.

ఇంతా చేసి వాళ్లు మాట్లాడిందేమిటయ్యా అంటే – అవతలివాడి కాల్ సైన్, "ఫైవ్ నైన్", థాంక్యూ! "నీ గొంతు స్పష్టంగా, గట్టిగా వినబడుతోంది" అని దాని అర్థం. కొద్ది సెకన్ల పని. తరవాత దానికి గుర్తుగా ఒక కార్డు. హామ్‌ల జాబితాలో దేశాలూ దీవులూ కలిపి 340 వున్నాయి. అన్నిటితోనూ మాట్లాడాలని వాళ్ల ఆశ. మనుషులే లేని దీవితో మాట్లాడాలంటే ముందు ఎవరో ఒకరు అక్కడికి వెళ్లాలి గదా! దక్షిణ చైనా సముద్రంలో స్కార్‌బరో రీఫ్ అని వుంది. పోటు వస్తే నాలుగు రాళ్ల కొనలు మాత్రం తేలతాయి. 2007లో ఆ రాళ్లమీద మంచెలు కట్టుకొని కూర్చుని మరీ మాట్లాడారు.

"కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు, ఇది ఏ కూటికి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ డబ్బుతో ఎన్నో మంచి పనులు చేయవచ్చు. పైగా బువే 1971 నుంచి రక్షిత ప్రాంతం. అక్కడ పెంగ్విన్ల హక్కు ముందు, మన సరదా తరవాత. కార్డులు పోగుచేయటమే పరమార్థమైతే నేనూ చప్పట్లు కొట్టను.

కాని కార్డును పక్కన పెట్టి పనిని చూడండి. కరెంటు లేదు, షాపు లేదు, రిపేరు చేసేవాడు లేడు. ఒక జెనరేటరు, కాస్త తీగ, ఒక రేడియో. పాతకాలపు బల్బు కాల్చేపాటి నూరు వాట్లతో పంపిన తరంగం పైనున్న అయనావరణాన్ని తాకి, వంగి, సముద్రాలకు ఆవల దిగుతుంది. ఏ వేళకు ఏ తరంగం ఎటు పోతుందో తెలియాలి. వేలమంది ఒక్కసారిగా అరుస్తుంటే అందులో ఒక్క సన్నని గొంతును ఏరుకోవాలి. ఇది పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదు.

ఈ విద్య ఎందుకు పనికొస్తుందో మన హైదరాబాదు వాళ్లే చూపించారు. 2004 డిసెంబరులో ఇక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం ఇలాంటి యాత్ర మీదే పోర్టు బ్లెయిరు వెళ్లింది. అండమాన్ నిర్జన దీవి కాదుగాని, హామ్‌లకు అరుదుగా దొరికే చోటు. 26వ తేదీన భూకంపం, సునామీ. ఫోన్లు మూగపోయాయి. అంతవరకు "ఫైవ్ నైన్" చెప్పిన అదే రేడియో, అప్పటినుంచి "మీవాళ్లు క్షేమం" అనే కబుర్లు అందించింది. సరదాకు నిలబెట్టిన ఏరియలే ప్రాణాధారమయింది.

"జేబులో సెల్‌ఫోను వుండగా ఇవన్నీ దేనికి?" అనవద్దు. ఫోను బలమంతా టవరుది. టవరు బలమంతా కరెంటుది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విరుచుకుపడ్డప్పుడు, చేతిలో ఫోను వుండి కూడా అయినవాళ్ల కబురు తెలియక అల్లాడిన విశాఖవాసులను అడగండి.

మనం బువే వెళ్లనక్కరలేదు. వార్షికోత్సవానికి పందిళ్లూ మైకులూ వేసే యూనియన్, ఫిజిక్సు లెక్చరర్లతో కలిసి ఒక హామ్ క్లబ్బు పెట్టగలదు. పదిమంది విద్యార్థులు పరీక్ష రాసి ప్రభుత్వ లైసెన్సు తెచ్చుకోగలరు. ఏడాదికి ఒక్కరోజు, కరెంటు లేని ఏదో ఒక గుట్టమీద, బ్యాటరీతో, చెట్టుకు కట్టిన తీగతో స్టేషను నడపగలరు. పూర్వ విద్యార్థులు ఒక పాత సెట్టు ఇప్పిస్తే చాలు. తుఫాను మన తీరానికి కొత్తదీ కాదు, ఆఖరుదీ కాదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వటం మొదలుపెట్టే అలవాటు మన కాలేజీకైనా తప్పాలని నా కోరిక.