టూడీ ఎకో ఎంబీబీఎస్‌లోనే నేర్పితే మనకేంటి?

అర్ధరాత్రి ఆయాసంతో ఉన్న మీ నాన్నను ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లారనుకోండి. అక్కడ ముందుగా చూసేది హౌస్ సర్జనే. ఈసీజీ తీస్తారు, ఎక్స్‌రే రాస్తారు. టూడీ ఎకో మాత్రం పొద్దున కార్డియాలజీ వాళ్లు వచ్చాకే అంటారు. ఆ ఆయాసం ఊపిరితిత్తుల వల్లా, గుండె వల్లా? రెండింటికీ మందులు వేరు. తెల్లారేదాకా అంచనా మీదే వైద్యం నడుస్తుంది.

మరి ఆ హౌస్ సర్జన్‌కే ఎకో వస్తే?

పూర్తి ఎకో నేర్చుకోవడం ఏళ్ల పని. వాల్వులోంచి రక్తం ఎంత వేగంతో వెళ్తోంది, ఎంత వెనక్కి కారుతోంది లాంటి కొలతలు విద్యార్థికి అప్పగించేవి కావు. క్యాజువాలిటీలో కావాల్సింది మూడు నాలుగు ప్రశ్నలకు జవాబులే. గుండె చుట్టూ నీరు చేరిందా? పంపింగ్ మరీ తగ్గిందా? కుడి గదులు ఉబ్బాయా? గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర నిండుగా ఉందా? ఇంతవరకు ఎంబీబీఎస్‌లోనే నేర్పొచ్చు. అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం 2006లోనే నాలుగేళ్ల వైద్య కోర్సులో అల్ట్రాసౌండ్‌ను చేర్చింది.

మన దగ్గర 2019 పాఠ్య ప్రణాళిక ఈసీజీని విద్యార్థి స్వయంగా తీసి, చదవగలగాలంటుంది. ఎకో దగ్గరికొచ్చేసరికి ఎప్పుడు అవసరమో, అందులో ఏం కనిపిస్తుందో చెప్పగలిగితే చాలు. పరీక్షలో రాస్తే సరిపోతుంది, ప్రోబ్ పట్టక్కర్లేదు.

ప్రోబ్ పట్టడమే అసలు కష్టం. పక్కటెముకల సందులోంచి చూడాలి. మధ్యలో ఊపిరితిత్తి అడ్డొస్తే తెరంతా మసకే. ప్రోబ్ కాస్త పక్కకు ఒరిగితే గుండె పొట్టిగా, పంపింగ్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ఇది బొమ్మ మీద, తోటి విద్యార్థుల మీద మొదలుపెట్టి, తర్వాత రోగుల దగ్గర పక్కన ఒకరుండి దిద్దితేనే వచ్చే విద్య. అమెరికా ఎమర్జెన్సీ వైద్యుల సంఘం ఒక్కో రకం స్కాన్‌కు 25 నుంచి 50 సార్లు పర్యవేక్షణలో చేయాలంటుంది. రద్దీ ఓపీలో అలా పక్కన నిలబడే తీరిక ఎవరికుంది? యంత్రం కొనడం కంటే ఇదే పెద్ద చిక్కు.

ఇంకో చిక్కు చట్టం. పేరుకు గుండె యంత్రమే అయినా ప్రోబ్ మారిస్తే కడుపులో బిడ్డనూ చూపగలదు. అందుకే 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద దాన్ని రిజిస్టర్ చేయించాలి. జేబులో పట్టే చిన్న యంత్రాలను, సంచార వైద్య వాహనాల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, రిజిస్టరైన ప్రాంగణం దాటించకూడదు. ఆడపిల్లల లెక్క చూస్తే ఈ కట్టడి తప్పనలేం. కానీ దీనివల్ల చిన్న యంత్రం పట్టుకుని ఊరి బడికి వెళ్లడం కుదరదు.

బడికెందుకంటారా? గొంతునొప్పితో మొదలై పిల్లల వాల్వులను పాడుచేసే రుమాటిక్ గుండె జబ్బు మన దేశంలో ఇంకా ఉంది. కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లల్లో స్టెతస్కోప్‌కు దొరికినవాటికి దాదాపు పదింతల కేసులు ఎకోలో బయటపడ్డాయని 2007లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ముందే తెలిస్తే నాలుగు వారాలకో పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో జబ్బు ముదరకుండా చూడొచ్చని ఉగాండాలో తేలింది. అక్కడ రెండేళ్లలో ఇంజెక్షన్ తీసుకోని పిల్లల్లో 8.2 శాతం మందికి జబ్బు ముదిరితే, తీసుకున్నవారిలో అది 0.8 శాతమే.

కాబట్టి ముందు ఆస్పత్రి గోడల లోపలే మొదలుపెట్టాలి. హౌస్ సర్జన్ తీసిన ప్రతి బొమ్మనూ భద్రపరిచి, మర్నాడు కార్డియాలజిస్టు చూడాలి. ఈ రెండో మెట్టు లేకుండా ప్రోబ్ చేతికివ్వడం మాత్రం ప్రమాదం. అరకొరగా నేర్చినవారు అనే ‘బాగానే ఉంది’ మాటతో ఇంటికి పంపేస్తే, ఏ పరీక్షా చేయనిదానికంటే ఎక్కువ నష్టం. గుండెపోటు మొదట్లో ఇలాంటి చూపుకు దొరక్కపోవచ్చు.

మీ వాళ్లకు ఎవరైనా క్యాజువాలిటీలో ఎకో చేస్తే ఒక్క మాట అడగండి: ‘ఇది పూర్తి రిపోర్టా, త్వరగా చూసిందా?’ త్వరగా చూసిందే అయితే పూర్తి ఎకోకు తేదీ రాయించుకునే బయటికి రండి.